మనిల్లులో అక్క లేదట

మా తోడికోడలు ఏ సినిమా అయినా ముందు చివరి పావుగంట చూసి, ఆ తర్వాత మొదట్నుంచి పెడుతుంది. ఇది విని నవ్వుతున్నారంటే మీరెప్పుడూ ఆవిడతో ఒకే సోఫాలో కూర్చుని సినిమా చూడలేదన్నమాట. నేను ఏళ్ళ తరబడి చూశాను. అందుకే నాకు నవ్వు రాదు, ఒళ్ళు మండుతుంది.

ఆవిణ్ణి నేను అక్కా అని పిలుస్తాను. మా ఆయన అన్నగారి భార్య. నేను కాపురానికి వచ్చిన దగ్గర్నుంచి మొన్నమొన్నటి దాకా రెండు జంటలం ఒకే ఇంట్లో ఉన్నాం. అక్కది డ్రైక్లీనింగ్ దుకాణంలో కౌంటరు పని. నాది పళ్ళ ల్యాబు. డాక్టర్లు నోటి అచ్చులు పంపిస్తే మేం వాటికి సరిపడా కట్టుడు పళ్ళు చేసి పంపిస్తాం. సాయంత్రం ఇద్దరం ఇల్లు చేరేసరికి ఆవిడ బట్టల నిండా ఇస్త్రీ ఆవిరి వాసన, నా గోళ్ళ కింద ప్లాస్టరు పొడి. వంట మాది, గిన్నెలు అన్నదమ్ములవి. వాళ్ళు వంటింట్లో గిన్నెలు మోగిస్తుంటే మేం సోఫాలో చతికిలబడి టీవీ పెట్టేవాళ్ళం.

ఆ సినిమాల యాప్ ఇంటికి తెచ్చింది బావగారు. మా అమ్మ పోయాక నేను పనికి తప్ప గడప దాటని రోజులవి. సినిమా హాలుకి రమ్మంటే రాను, ఎవరింటికీ పోను. "హాలుకి రాకపోతే హాలే ఇంటికొస్తుంది" అని ఒక ఆదివారం కూర్చుని, కళ్ళద్దాలు నుదుటి మీదకి తోసుకుని, అక్క ఫోన్ నంబరుతో ఖాతా తెరిచారు. అంతా అయ్యాక తెర మీద "ఎవరు చూస్తున్నారు?" అని వచ్చింది. పేరు రాయాలి, పక్కన ఒక బొమ్మ పెట్టుకోవాలి. ఎవరి పేరు పెట్టాలని అన్నదమ్ములు తర్జనభర్జన పడుతుంటే అక్క రిమోట్ లాక్కుని, ఒక్కో అక్షరమే వెతికి నొక్కుతూ "మనిల్లు" అని పెట్టింది. నవ్వుతున్న పిల్లి బొమ్మ దొరికితే అది తగిలించింది. ఎవరు చూస్తున్నారంటే మనిల్లు చూస్తోంది. అంతే, తేలిపోయింది.

చెప్పొద్దూ, ఆ యాప్‌తో మా ప్రాణం లేచొచ్చింది. మేం పేరు కూడా పలకలేని దేశాల సినిమాలు, మంచులో గొర్రెలు కాసేవాళ్ళవీ, పడవల్లో కాపురాలు చేసేవాళ్ళవీ, మా సోఫా ముందుకి వచ్చాయి. మధ్యలో కుక్కరు కూత పెడితే ఆపుకోవచ్చు. అర్థం కాకపోతే వెనక్కి తిప్పుకోవచ్చు. అక్కకి అడుగడుక్కీ అనుమానమే. "వీడు ఇందాకటి వాడేనా?" అంటుంది. "ఇందాకటి వాడు చచ్చిపోయాడు కదా అక్కా" అంటాను. "మరి ఆ కోటు వాడిదే కదే!" అంటుంది. పొద్దస్తమానం కోట్ల మధ్య ఉండే మనిషి, మొహాలు గుర్తుండవు గాని కోట్లు గుర్తుంటాయి.

ఇక ఆ చివరి పావుగంట చాదస్తం. అదెప్పుడు మొదలైందో నాకు సరిగ్గా గుర్తులేదు, మొదట్లో మాత్రం ఉండేది కాదు. మధ్యాహ్నం దుకాణంలో తీరిక దొరికినప్పుడు తన ఫోన్‌లో చివర చూసేసి, మళ్ళీ మొదటికి తిప్పి, ఏమీ ఎరగనట్టు సాయంత్రం నా పక్కన కూర్చునేది. నోరు మెదిపేది కాదు, అది నిజమే. కానీ ఏదన్నా దుఃఖం రాబోతోందంటే కాస్త ముందుగా ఆవిడ చెయ్యి వచ్చి నా మోకాలి మీద పడేది. తెర మీద హాయిగా పెళ్ళి విందు జరుగుతుంటుంది, మోకాలి మీద చెయ్యి పడుతుంది. ఇంకేముంది, పెళ్ళికొడుకు గోవిందా అని నాకు తెలిసిపోయేది. "చెయ్యి తియ్యి అక్కా, కథ చెప్పేస్తున్నావ్" అని విసుక్కునేదాన్ని. తీసేది కాదు.

తర్వాత మా ల్యాబును ఊరికి ఆ చివరకు మార్చారు. రోజూ రెండు బస్సులు మారలేక మేమిద్దరం అటువైపు చిన్న ఇల్లు చూసుకుని వెళ్ళాం. సామాను ఎక్కిస్తుంటే పక్కింటావిడ గుమ్మంలోకి వచ్చి, "ఏమండీ, వేరు పడ్డారా?" అంది అక్కతో. అక్క చేతిలో దిండు కింద పడేసింది.

"వేరు పడ్డమేంటండీ! పని దూరమైందని ఇల్లు మారారు. వేరు పడ్డమట!"

ఆ తర్వాత ఎవరడిగినా అదే జవాబు, అంతే కటువుగా. ఆ మాట మా ఇంటి గాలిలో వినపడకూడదని ఆవిడ పట్టుదల. నాకైతే అది మాటే కదా అనిపించింది. కానీ కొత్త ఇంట్లో టీవీ పెట్టగానే అదే పిల్లి, అదే "మనిల్లు" కనబడితే నా మనసు కూడా కుదుటపడింది. ఇళ్ళు రెండైనా ఖాతా ఒకటే.

గొడవ మొదలైంది అక్కడే. ఒకే ఇంట్లో ఉన్నప్పుడు చివర చూశాక మొదటికి తిప్పి పెట్టే మనిషి, ఇప్పుడు తన ఇంట్లో, తన తీరికలో చూస్తూ ఆ సంగతి మర్చిపోయేది. ఆ యాప్ సంగతి మీకు తెలుసుగా, ఎవరు ఎక్కడ ఆపితే అక్కడ ఎర్ర గీత గీసి, మళ్ళీ అక్కణ్ణుంచే పెడుతుంది. నేను ఏ సినిమా ముట్టుకున్నా గీత ఆ చివర ఉండేది. ఒక హత్య సినిమా కోసం వారమంతా ఎదురుచూసి, ఆదివారం టీ కప్పుతో కూర్చుని నొక్కితే, మొదటి దృశ్యంలోనే తోటమాలి చేతులకి బేడీలు!

వెంటనే ఫోన్ చేశాను. "అక్కా, హంతకుడు తోటమాలా?"

"అయ్యో, చూసేశావా? పోనీలేవే, వాడి వాలకం చూస్తే ముందే తెలిసిపోవట్లా?"

"వాలకం చూసే అవకాశం ఏది నాకు? బేడీలే చూశాను!"

నాకు ముక్కు మీదే కోపం, కాదనను. ఆ ఊపులోనే రిమోట్ పట్టుకుని కొత్త ప్రొఫైల్ ఒకటి పెట్టాను. దానికి "అక్క" అని పేరు. బొమ్మల్లో కళ్ళద్దాలు పెట్టుకున్న గుడ్లగూబ ముద్దొచ్చింది, అది పెట్టాను. ఇక ఆవిడ గీతలు ఆవిడవి, నా గీతలు నావి. పెద్ద ఘనకార్యం చేసినట్టు సందేశం కూడా పంపాను: "నీకు వేరే పెట్టాను అక్కా. ఇకనుంచి నీది నీది, నాది నాది. ఏ పేచీ లేదు."

కాసేపటికి జవాబు వచ్చింది. "అలాగేనండీ."

అండీ ఏమిటి, ఫోనే ఏదో తప్పు కొట్టుంటుంది అనుకున్నాను.

కాదని వారం తిరక్కుండానే తెలిసింది. ఆ కంపెనీవాళ్ళు కొత్త నియమం పెట్టారు. ఒక ఖాతా అంటే ఒక ఇల్లే. మా టీవీ పెట్టగానే నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు: "ఈ టీవీ మీ ఇంటిది కాదు." మా ఇంట్లో, మా గోడకి, మా ఆయన మేకులు కొట్టి బిగించిన టీవీ! చూడాలంటే ఖాతా ఉన్నవాళ్ళ ఫోన్‌కి ఒక కోడ్ వెళ్తుంది, అది గడువులోగా ఇక్కడ కొట్టాలి. నాలుగు రోజులు పోతే మళ్ళీ అడుగుతుంది. ఖాతా అక్క నంబరుది. అంటే నేను సినిమా చూడాలంటే అక్కకి ఫోన్ చేయాలి.

చేశాను. "అక్కా, కోడ్ వచ్చిందా?"

"వచ్చిందండీ. రాసుకోండి. నాలుగు, ఏడు, సున్నా, రెండు. ఉంటానండీ."

దుకాణంలో బట్టల చీటీ నంబరు చదివినట్టు చదివి పెట్టేసింది. ఏమే, ఒసేయ్, నీ మొహం తప్ప ఇంకోలా పిలవని మనిషి నన్ను అండీ అంది. తిట్టినా ఇంత నొప్పి పుట్టేది కాదు.

తర్వాత కూడా అంతే. కోడ్ మాత్రం ఎప్పుడూ ఆలస్యం చేయలేదు, మొదటి రింగుకే ఎత్తేది. కానీ "రాసుకోండి", "ఉంటానండీ" తప్ప ఒక్క మాట ఎక్కువ లేదు. ఎందుకో అడుగుదామంటే నాకూ పంతం. తప్పు చేస్తే అడగాలి, ఏం చేశానని అడగను? నేను పెట్టింది ఒక గుడ్లగూబని.

మా ఆయన ఒకసారి విని, "వదిన నిన్ను మీరంటోందేంటి?" అన్నాడు.

"నామీద భక్తి పెరిగింది."

"ఎందుకొచ్చిన బాధ ఇది? మనమే సొంతంగా ఒక ఖాతా తీసుకుంటే పోదా?"

"నోరు మూసుకో" అన్నాను. పాపం, ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు. కానీ ఆ కోడ్ కూడా పోతే అక్కకి ఫోన్ చేయడానికి నాకు వంకే ఉండదు.

నిజం చెప్పాలంటే సినిమా మీద రుచే పోయింది. చూసేదానికంటే ఏది చూడాలో వెతికే సమయమే ఎక్కువైంది. బొమ్మలు జరుపుతూ పోతే ఒక్కోదానికీ "ఇది మీకు తొంభై అయిదు శాతం నచ్చుతుంది" అంటుంది. దానికేం తెలుసు నాకేం నచ్చుతుందో? బాగుందన్న సినిమా రేపు చూద్దామని దాచుకుంటే తెల్లారేసరికి తీసేసి ఉంటారు, ఇంకో యాప్‌లోకి పోయిందట. పట్టుబట్టి ఏదో ఒకటి పెట్టినా, కోటు గురించి అడిగే మనిషి లేదు. ఎవరైనా చనిపోతే చెప్పాపెట్టకుండా చనిపోయేవాళ్ళు, నా మోకాలికి ముందస్తు కబురేమీ లేకుండా. నాకు అక్క కావాలి, సినిమా కాదు. ఆ మాట నాకు నేను ఒప్పుకునేసరికి చాలా రోజులు పట్టింది.

అలాంటప్పుడు బావగారు ల్యాబుకి వచ్చారు. ఆయన ముందు పళ్ళు నేను కట్టినవే. ఏదో గట్టిది కొరికి సెట్టు విరగ్గొట్టుకుని, రుమాల్లో మూటకట్టి తెచ్చారు. కిటికీ పక్కన స్టూలు చూపించి, నేను పని మొదలుపెట్టాను. విరిగిన రెండు ముక్కల్నీ మైనంతో కలిపి నిలబెట్టి, వెనక ప్లాస్టరు పోసి, అది గట్టిపడే దాకా ఆగాలి. ఆ కాసేపూ ఆయన ఊరికే ఉండలేదు. పళ్ళు లేని నోట్లోంచి మాటకన్నా గాలే ఎక్కువ వస్తున్నా మొదలుపెట్టారు.

"ఒకటడుగుతా, ఏమనుకోకమ్మా. మనిల్లులోంచి మీ అక్కని ఎందుకు తీసేశావ్?"

"ఏ ఇంట్లోంచి బావగారూ?"

"అదే, టీవీలో. టీవీ పెట్టగానే మనిల్లు అని ఒక బొమ్మ, అక్క అని ఇంకో బొమ్మ. మీ అక్క రిమోట్ పట్టుకుని ఎంతసేపు చూసిందో. తర్వాత నావైపు తిరిగి, 'మనిల్లులో నేను లేనండీ' అంది. పైగా వేరే పెట్టాను, నీది నీది నాది నాది అని రాశావట. ఊరంతా వేరు పడ్డారంటే కొట్టేంత పని చేసింది కదా, చివరికి ఆ మాట నీ దగ్గర్నుంచే వచ్చిందని ఆవిడ బాధ."

మైనం కత్తి కింద పెట్టేశాను. మనిల్లు ఒక పక్క, అక్క ఒక పక్క. నేనే పెట్టాను, నా వేళ్ళతోనే కొట్టాను, ఒక్కసారైనా పైకి చదివితే తెలిసేది. పన్ను వెంట్రుకవాసి పక్కకి జరిగితే కనిపెట్టే కళ్ళు నావి, ఇంత పెద్ద అక్షరాలు కనబడలేదు.

"అయ్యో బావగారూ, ఆ ఎర్ర గీత కోసమండీ! ఆవిడ ఎర్ర గీత నా సినిమాల్లోకి రాకుండా! ముద్దుగా ఉంటుందని గుడ్లగూబని కూడా పెట్టాను, కళ్ళద్దాలతో."

"అదీ ఒక బాధేనమ్మా" అన్నారు ఆయన, అద్దంలేని కిటికీలాంటి నోటితో నవ్వుతూ. "అంత అందంగా ఉన్నానా అని రెండుసార్లు అద్దం చూసుకుంది."

సెట్టు అతికించి, అంచులు అరగదీసి, మెరుగు పట్టి ఆయన నోట్లో పెట్టాను. కరిచి చూసుకుని లేచారు. పోతూ పోతూ, "నేను చెప్పానని చెప్పకు" అన్నారు.

ఇంటికి రాగానే చెప్పులైనా విడవకుండా టీవీ పెట్టి గుడ్లగూబ మీద నొక్కాను. "ఈ ప్రొఫైల్ తీసేస్తే మళ్ళీ రాదు, తీసేయమంటారా?" అంది. రాకపోతే పీడా పోయింది అని తీసేశాను. పిల్లి ఒక్కటే మిగిలింది, నవ్వుతూ. దాని మీద నొక్కి, దాచుకున్న వాటిలోంచి ఒక సినిమా పెట్టాను. ఒక ముసలాయనా, ఆయన గుర్రమూ, ఇద్దరి కథ. అనుకున్నట్టే నల్ల తెర: ఈ టీవీ మీ ఇంటిది కాదు. మొదటిసారి ఆ అక్షరాల్ని చూసి సంతోషించాను. ఫోన్ చేశాను.

"వచ్చిందండీ" అంది అక్క. "రాసుకోండి. తొమ్మిది, ఒకటి..."

"కోడ్ తర్వాత. అక్కా, గుడ్లగూబని తీసేశాను."

జవాబు కోసం ఆగకుండా అదే ఊపులో మిగతాదీ చెప్పేశాను.

"మనిల్లు ఒక్కటే ఉంది ఇప్పుడు. వెళ్ళి చూసుకో. నేను తప్పుగా రాశాను. నువ్వు లేకుండా మనిల్లు ఏంటి నా మొహం. నువ్వే కదా ఆ పేరు పెట్టింది."

"మళ్ళీ ఆ గీత పాడవుతుంది మీకు" అంది.

"పాడవనీ. తోటమాలి కాకపోతే వంటవాడు, ఎవడైతే నాకేంటి? నన్ను మీరు అనడం మానెయ్ అక్కా, నీకు దణ్ణం పెడతా. నాకు ఏడుపొస్తోంది."

"ఏడవకు" అంది. ముక్కు ఎగబీల్చుకుంటున్నది మాత్రం ఆవిడే. ఇంతలో నా టీవీ "గడువు ముగిసింది" అంది. ఇద్దరం ఏడుస్తూ కూర్చుంటే కోడ్ ఆగుతుందా? మళ్ళీ అడిగించాను. అవతల ఫోన్ కిణుక్కుమంది.

"రాసుకో" అంది అక్క. ప్రాణం లేచి వచ్చింది. "ఆగాగు. ముందు చెప్పు, ఏ సినిమా పెట్టావ్?"

చెప్పాను.

"ముసలాయనా? అప్పుడే పెట్టకు. నేను మళ్ళీ చేస్తా" అని పెట్టేసింది.

ఎక్కడికి వెళ్ళిందో చెప్పక్కర్లేదు. చివరి పావుగంట చూడ్డానికే. మా ఆయన టీ కలుపుకొచ్చి, సినిమా ఏదని అడిగి, నల్ల తెర చూసి, తన కప్పు తీసుకుని బాల్కనీలోకి పోయాడు. నేను మోకాళ్ళు ముడుచుకుని సోఫాలో కూర్చున్నాను. ఫోన్ మోగింది.

"గుర్రం బతుకుతుందే. బంగారం లాంటి గుర్రం. ముసలాయన కూడా ఉన్నాడు, చివర్లో దానికి మేత పెడుతున్నాడు. కానీ ఆయన చేతికి దూది పట్టీ ఉంది, సూది గుచ్చిన చోట వేస్తారే, అది. అంటే మధ్యలో ఎక్కడో ఆసుపత్రి ఉంటుంది. నువ్వు ఒక్కదానివే చూడకు. నేను వస్తున్నా, బస్సు ఇప్పుడే ఉంది."

ఫోన్ పెట్టేసింది.

మా అమ్మ ఆసుపత్రిలో పోయింది. పక్కనే ఉన్నాను, అమ్మ చేతికి ఆ పట్టీ ఉంది. ఆ తర్వాత మేం ఇంట్లో చూసిన మొదటి సినిమాలో, నవ్వుల మధ్యలో, హఠాత్తుగా ఒక ఆసుపత్రి మంచం వచ్చింది. నేను లేచి వంటింట్లోకి వెళ్ళి, కడిగిన గిన్నెలే మళ్ళీ కడుగుతూ నిలబడ్డాను. ఎవరూ ఏమీ అడగలేదు. ఇప్పుడు లెక్కేసుకుంటే, ఆ వారం నుంచే అక్క సినిమాలు చివర్నుంచి చూడటం మొదలుపెట్టింది. ఆవిడ చాదస్తం అనుకున్నాను. తట్టుకోలేని గుండె ఆవిడది అనుకున్నాను. ఇన్నేళ్ళూ ఆ చెయ్యి చెప్పిన సంగతిని, చెయ్యి అందనంత దూరం వచ్చాక, ఇవాళ నోటితో చెప్పాల్సి వచ్చింది.

అక్క వచ్చేసరికి టీవీ మళ్ళీ కోడ్ అడుగుతోంది. చేతిసంచి భుజాన ఉండగానే తెర ముందు నిలబడి, అక్షరాల్ని పైకి చదివింది. "ఈ టీవీ మీ ఇంటిది కాదు. ఎవరింటిదట మరి?" ఆ మాట పూర్తికాకుండానే ఆవిడ సంచిలో ఫోన్ కిణుక్కుమంది, మా సోఫా పక్కనే, మా ఇంట్లోనే. "చూడవే దీని మాటలు!" అంటూ తనే అంకెలు కొట్టింది. పిల్లి నవ్వింది.

సినిమా మొదలైంది. ముసలాయన, పొలం, పొగమంచు, గుర్రం. "ఆ కోటు చలికి ఆగదు" అంది అక్క. "ఆగదు" అన్నాను. ముసలాయన గుర్రాన్ని తోముతూ ఏదో పాట పాడుకుంటున్నాడు, తెర మీద అంతా హాయిగా ఉంది. అప్పుడు చెయ్యి వచ్చి నా మోకాలి మీద పడింది. నేను తియ్యమనలేదు. దాని మీద నా చెయ్యి వేసి, గట్టిగా పట్టుకుని, రాబోయేది రానీ అని చూస్తూ కూర్చున్నాను. గుర్రం బతుకుతుందని నాకు ముందే తెలుసు.